ఆముదంతో వేసిన ఇల్లు

కండక్టర్ సాబ్ మంచం మీద పడుకోవడం మానేశాడని ఆయన పోయాక గానీ నాకు తెలియలేదు. మహబూబాబాద్ నుంచి వచ్చిన ఆయన మేనల్లుడు కార్యాలన్నీ ముగించుకుని, వెళ్లేముందు ఇంటి తాళంచెవి తెచ్చి మా దుకాణం గల్లా మీద పెట్టాడు. "అక్కా, ఇంటినిండ రంగులే ఉన్నయి. ఆ వాసనకు తలకాయ తిరుగుతున్నది. మీకేమన్న పనికొస్తె తీస్కోండ్రి, లేకుంటె పారెయ్యుండ్రి" అన్నాడు. పాపం మంచివాడే. రంగుల దుకాణం నడిపేవాళ్లకు రంగుల వాసన ఒక లెక్కా అనుకున్నాడు.

తలుపు తీసేసరికి లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంతమంది వచ్చి పోయారు, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఫ్యాను కింద మంచం, మంచం మీద ఉతికిన దుప్పటి, దుప్పటి మీద చెక్క ఫ్రేముకు బిగించిన ఒక బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన గచ్చు మీద చాప, చాప మీద దిండు. అంటే మంచమూ గాలీ బొమ్మకు, నేల ఆయనకు. నాకు కోపం వచ్చింది. దుఃఖం రావాల్సిన చోట నాకు ముందు కోపం వస్తుంది, కావాలంటే మా ఆయన్ని అడగండి. బొమ్మ మూల మెల్లగా వేలు పెట్టి చూశాను. వేలికి ఎర్రమన్ను రంగు అంటింది. ఇంకా ఆరలేదు.

అది ఎవరి ఇంటి బొమ్మో, ఎందుకు ఆరడం లేదో ఈ జనగామలో తెలిసింది నాకూ మా ఆయనకే. అది భూపాలపల్లి దగ్గర రాజవ్వ అనే ముసలామె ఇల్లు. ఇల్లు ఇప్పుడు లేదు, బొగ్గు గని కోసం ఊరితో పాటు అదీ పోయింది. బొమ్మ ఆరాక తెచ్చి చేతిలో పెడతానని ఆయన ఆమెకు మాటిచ్చాడు. అది ఆరకముందే ఆయన పోయాడు.

ఆయన పేరు రాయడం లేదు. రాసినా మా ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు కాబట్టి ముఖం మీద కండక్టర్ సాబ్, వెనకాల పాడిండ్ల సారు. పాడుబడ్డ ఇళ్ల బొమ్మలు వేస్తాడని ఆ రెండో పేరు. అది ఆయన చెవిన పడనే పడింది. "పాడు అనొద్దు సేటమ్మా, ఖాళీ అనాలె. బస్సుల సీటు ఖాళీగ ఉంటె పాడయిందంటమా?" అనేవాడు.

మాది మార్కెట్టు వీధిలో రంగులూ ఇనుప సామానూ అమ్మే దుకాణం. మా ఆయనకు దుకాణంలో కూర్చోవడం కంటే దుకాణం ముందు కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్లతో మాట్లాడటం ఇష్టం. కాబట్టి గల్లా నా నెత్తిన పడింది. ఒకరోజు కండక్టర్ సాబ్ వచ్చి అవిసె నూనె కావాలన్నాడు, అదీ చిన్న సీసాడు. తలుపులకూ కిటికీలకూ వేసే రంగుల్లో కలపడానికి మా దగ్గర అవిసె నూనె డబ్బాలకు డబ్బాలు పోతుంది. సీసాతో ఏం చేస్తాడో నాకు అర్థం కాలేదు.

"ఏ తలుపులకు?" అన్నాను.

"తలుపులకు గాదు సేటమ్మా. తలుపుల బొమ్మకు."

ఆటపట్టిస్తున్నాడేమో అని ముఖం చిట్లించాను. ఆయన నవ్వలేదు. సంచిలోంచి ఒక చిన్న బొమ్మ తీసి గల్లా మీద పెట్టాడు. మా స్టేషన్ వెనకాల మూతపడిన పత్తి మిల్లు. దాని ముందు నుంచి చిన్నప్పుడు రోజూ బడికి పోయాను, ఒక్కసారి కూడా తలెత్తి చూసిన పాపాన పోలేదు. తుప్పు పట్టిన గేటు, దాని మీద పాకిన తీగ, పగిలిన అద్దాల వెనక నల్లటి చీకటి. బొమ్మలో మనిషన్నవాడు లేడు. ఎందుకో నాకు ఊపిరి భారమయింది. ఆ భారం దిగడానికి "రంగు బాగా పల్చగ కలిపిండ్రు" అని వంక పెట్టాను.

"అవును," అన్నాడు. "నూనె అయిపోయింది, అందుకే వచ్చిన."

ఆయన నిలబడే తీరు చూస్తే నాకు ముందు నవ్వొచ్చేది. కదలని నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టి, నడుము ఏదో ఒకదానికి ఆనించి నిలబడేవాడు. మా దుకాణం స్తంభానికి ఆయన ఆనుకునే చోట సున్నం అరిగింది. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. "కూసుంటె పని గుర్తుకు రాదు" అనేవాడు. చెవి మీద పెన్ను పెట్టుకునే చోట కుంచె పెట్టుకునేవాడు. బొమ్మ పూర్తయితే కుంచె వెనక్కి తిప్పి, కాడతో ఫ్రేము మీద టక్ టక్‌మని కొట్టి "రైట్" అనేవాడు. ఆ తర్వాత ఆ బొమ్మ మీద చెయ్యి వేయడు. బండి కదిలాక మళ్లీ వెనక్కి ఎట్లా వస్తుంది అని ఆయన వాదన.

కుర్రతనంలో డ్రాయింగ్ పరీక్షలు పాసయ్యాడట. డ్రాయింగ్ మాస్టర్ కావాల్సినవాడు, ముందు కండక్టర్ ఉద్యోగం వచ్చిందని అందులో చేరిపోయాడు. ఉద్యోగమంతా జనగామ నుంచి మహబూబాబాద్ దాకా, కొన్నాళ్లు భూపాలపల్లి వైపు తిరిగాడు. ఆ దారుల్లో ఎక్కడ ఏ కట్టడం ఎప్పుడు ఖాళీ అయిందో, ఏ ఏడు ఏ గోడ ఒరిగిందో బస్సు మెట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు.

"బస్సు మనుషులున్న కాడనే ఆగుతది. ఎవలు లేని కాడ స్టాపు ఉండదు. అందుకే ఆ ఇండ్లను జీవితమంత ఉరుకుతున్న బస్సులకెళ్లే చూసిన. ఇప్పుడు దిగి చూస్తున్న," అనేవాడు.

దిగి చూడటం అంటే ఆయనకు తమాషా కాదు. ముతక గుడ్డను చెక్క ఫ్రేముకు బిగించి, జిగురూ చాక్‌పొడీ పూసి ఆరబెట్టుకుని, దాన్ని వీపుకు కట్టుకుని పొద్దున్నే బస్సెక్కేవాడు. కొత్తగూడ అడవిలో కప్పు ఎగిరిపోయిన బంగళా, మహబూబాబాద్ దగ్గర పట్టాల పక్కన కూలుతున్న క్వార్టర్లు, మా ఊరి మూతపడ్డ సినిమా హాలు, ఇలా ఎక్కడపడితే అక్కడికి. ఫోటో చూసి బొమ్మ వేయడు. కట్టడం ఎదురుగా ఉండాలి, ఆయన దాని ఎదురుగా ఉండాలి. ఉన్నది ఉన్నట్టే వేయాలి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను అంటే, "నా దారిల రష్ ఉండదు సేటమ్మా" అనేవాడు.

తరిగొప్పుల వైపు ఒక ఊళ్లో దొరల గడీ బొమ్మ వేస్తుంటే ఒక ముసలాయన కర్ర పట్టుకుని మీదికొచ్చాడట. ఆ గడీ ముందు వాళ్ల తాతను వంగబెట్టి నిలబెట్టారు, దాని బొమ్మ వేస్తావా అని. ఈయన బొమ్మను ఆయన వైపు తిప్పాడు. కప్పు కూలింది, మేడ మెట్ల మీద జిల్లేడు మొలిచింది, దర్వాజా లేదు. ముసలాయన చాలాసేపు చూసి, కర్ర దించి, "ఆ కుడిదిక్కు గోడ గూడ కూలగొట్టు, నీ సొమ్మేం బోయింది?" అన్నాడట.

"ఉన్నదే వేస్త బాపూ. అది కూలినంక మల్లొస్త," అన్నాడట ఈయన.

ఈ ముచ్చట చెప్పి నన్ను నవ్వించి, తను మాత్రం నవ్వకుండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆయన బొమ్మల్లో మనుషులు ఎందుకు లేరని అడిగాను. "మనుషులను మస్తు చూసిన. నిలవడ్డోళ్లను, కూసున్నోళ్లను, తలుపు పట్టుకుని వేలాడినోళ్లను. అందరు ఎటో ఒక దిక్కు దిగిపోయేటోళ్లే," అన్నాడు. పెళ్లైన కొత్తలోనే భార్య జ్వరంతో పోయిందని ఎవరో చెప్పగా విన్నాను, ఆయన నోటి నుంచి ఎప్పుడూ వినలేదు. పిల్లల్లేరు. పండగపూట ఊళ్లో ఉండేవాడు కాదు, బొమ్మ వీపుకు కట్టుకుని ఏ అడవిలోకో పోయేవాడు. ఒక దసరాకు మా ఇంటికి భోజనానికి పిలిచాను. రాలేదు. తర్వాత నిలదీస్తే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"పండుగనాడు అందరి తలుపులు తెరిసే ఉంటయి సేటమ్మా. గన్ని తలుపులల్ల ఎవలింట్లకు పోవాల్నో సమజ్ గాదు. తలుపు మూసుంటె పరేషాన్ లేదు."

ఇక ఆ పిలుపు సంగతి. ఏ ఖాళీ ఇంటి ముందుకు పోయినా బొమ్మ మొదలుపెట్టే ముందు గడప ఇవతల నిలబడి, బస్సులో పిలిచినట్టే గట్టిగా "దిగేటోళ్లున్నరా?" అని పిలిచేవాడు. కాసేపు ఆగేవాడు. లోపలి నుంచి పావురాలో, గబ్బిలాలో చప్పుడు చేస్తే చేసేవి. ఎవరూ పలకలేదని రూఢి చేసుకున్నాకే రంగులు విప్పేవాడు. "పిలవకుంట మొదలువెడితె దొంగతనం లెక్క ఉంటది" అన్నాడు నాతో. ఎన్నేళ్లుగానో ఎన్ని గడపల ముందో అట్లా పిలిచాడు. ఎవరూ పలకలేదు. పలుకుతారని ఆయనా అనుకోలేదు.

భూపాలపల్లి దగ్గర ఆ ఊళ్లో పలికారు.

గని కోసం ఊరంతా లేచిపోతోంది. సగం ఇళ్లకు కప్పులు ఊడదీసి దూలాలు, తలుపులు బళ్లకెక్కించుకుని పోయారు. మిగిలిన ఇళ్ల బొమ్మలు వేసుకుందామని ఈయన పోయాడు. వీధి చివర పెంకుటిల్లు ఒకటి నచ్చింది. ఎర్రమట్టి గోడలు, నీలం తలుపు. గడప ముందు నిలబడి యథాప్రకారం "దిగేటోళ్లున్నరా?" అన్నాడు.

"ఎవల్రా దిగేది? నేను దిగ!" అని లోపలి నుంచి గొంతు వచ్చింది.

ఈ ఘట్టం ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ ఆ గొంతును అనుకరించేవాడు, ప్రతిసారీ కళ్లు చెమర్చేవి. లోపలి నుంచి ఒక ముసలామె చేట పట్టుకుని బయటికొచ్చింది. ఆమే రాజవ్వ. పెనిమిటి పోయి చాలా కాలమైంది, బిడ్డలు అత్తగారి ఊళ్లలో ఉన్నారు, ఊరు పోయేవాళ్ల కోసం కట్టిన కాలనీలో ఇల్లు ఇచ్చారు, అయినా ఆమె కదలలేదు. ఊరు ఖాళీ చేయించే మనిషేమోనని ఈయన్ని చేటతో కొట్టినంత పని చేసింది. కాదు, బొమ్మలు వేసేవాణ్ని అని చెబితే, అయితే నా ఇల్లు వెయ్యి అంది.

"నేను ఖాళీ ఇండ్లే వేస్త అవ్వా."

"రేపో మాపో ఖాళీ అయితది తియ్యి. నువ్వు జర ముందుగాల్ల వచ్చినవ్, కూసో."

కూర్చున్నాడు. మా స్తంభానికి అన్నేళ్లు ఆనుకుని నిలబడ్డ మనిషి ఆ అరుగు మీద కూర్చున్నాడు. రోజూ పొద్దున బస్సెక్కి అంతదూరం పోయేవాడు. ఆమె మక్కగడుక, పచ్చిపులుసు పెట్టేది. తిన్నాక కంచం కడగనిచ్చేది కాదట, అదొక పెద్ద విశేషంగా చెప్పాడు. పనేమీ లేకపోయినా దుకాణానికి వచ్చి రాజవ్వ ఇట్ల అన్నది, రాజవ్వ అట్ల అన్నది అని చెప్పిపోయేవాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి మా ఆయన కూడా కుర్చీ వెనక్కి తిప్పుకుని వినేవాడు.

బొమ్మ సగంలో ఉండగా అక్కడే ఆయన అవిసె నూనె ఒలికిపోయింది. కోడి ఎగిరి సీసా తన్నేసింది. రంగులు గట్టిగా ఉన్నాయి, నూనె లేకుండా కుంచె నడవదు. తిరిగి వచ్చి నా దగ్గర సీసా కొనుక్కుని మళ్లీ పోవాలంటే ఒక రోజు పోతుంది. మర్నాడో ఎల్లుండో మిషన్లు వస్తాయని ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఆయన దిగులుగా కూర్చుంటే రాజవ్వ లోపలికి పోయి ఒక సీసా తెచ్చి ముందు పెట్టింది.

"నూనెకేనా గింత రంది? ఇగో, ఇంట్ల కాసిన ఆముదం. కల్తీ లేదు."

అది కుదరదని ఆయనకు తెలిసి ఉండాలి. తెలుసో తెలియదో చివరిదాకా తేల్చలేదు. "నూనె నూనేనాయె అనుకున్న" అని ఒకసారి, "అంత ప్రేమతోని ఇస్తె ఎట్ల కాదంట?" అని ఒకసారి అన్నాడు. అవిసె నూనెకు ఆరే గుణం ఉంది, గాలి తగిలితే గట్టిపడుతుంది. ఆముదానికి ఆ గుణం లేదు. తలకు రాసుకున్నా, బండి ఇరుసుకు పూసినా, దీపంలో పోసినా ఉన్నంతకాలం జిడ్డుగానే ఉంటుంది. ఆయన ఆ ఆముదంతో గోడలు వేశాడు, అరుగు వేశాడు, నీలం తలుపు వేశాడు. ఫ్రేము మీద టక్ టక్‌మని కొట్టి రైట్ అన్నాడు. వారం తిరగకుండా మిషన్లు వచ్చి ఇల్లు తీసేశాయి. రాజవ్వను బిడ్డలు వచ్చి భూపాలపల్లి అవతల కాలనీలో దింపిపోయారు.

బొమ్మ మాత్రం ఆరలేదు.

ముందు ఎండలో పెట్టాడు. దుమ్ము పడి అంటుకుంది. సూది మొనతో ఒక్కో రేణువూ ఏరి తీశాడు. ఇంట్లో పెడితే ఈగలు అంటుకున్నాయి. రంగు తొందరగా ఆరడానికి కలిపే మందు మా దగ్గర ఉంటుంది, దాన్ని పట్టుకుపోయి ఒక మూల పూసి చూశాడు, అదీ పనిచేయలేదు. ఎండాకాలం పోయి వానలొచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది. నేను ఊరుకోలేక అన్నాను.

"ఎంత ఆముదం రాసుకుని పొర్లినా అంటేదే అంటుద్దని ఊరికే అన్నరా? ఆముదం తాగిన ముఖం ఏసుకుని ఎన్ని రోజులు తిరుగుతవ్ కండక్టర్ సాబ్? అది గీకేసి మల్ల ఎయ్యి. ఆమె మనవల ఫోన్లల్ల ఇంటి ఫోటో ఉండకపోదు."

"ఫోటో చూసి వేస్తె అది ఫోటో బొమ్మ అయితది. ఇంటి బొమ్మ గాదు," అన్నాడు. "అంటేదే అంటుద్దంటున్నవ్ గదా సేటమ్మా. నాకు అంటుకున్నది గీ ఒక్కటే. గీకుమంటవా?" అన్నాడు.

మా ఆయన లేచి లోపలికి పోయాడు.

రాజవ్వ పక్కింటివాళ్ల ఫోనులోంచి ఈయనకు ఫోను చేసేది. "సారూ, నా ఇల్లెప్పుడు దెస్తవ్?" అనేది. "జర ఆరనియ్యవ్వా" అనేవాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు. రానురానూ ఆ గొంతు చిన్నబోయింది. చివరికి ఫోను మోగితే నా చేతికిచ్చి, "డ్యూటీల ఉన్నడని చెప్పు" అనేవాడు. రిటైరయి ఇన్నేళ్లయిన మనిషికి ఏం డ్యూటీ? నేను అట్లాగే చెప్పేదాన్ని, ఆమె నమ్మేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి, పచ్చిబొమ్మ చేతిలో పెట్టడం అవమానం అనుకున్నాడు. ముసలామె ముట్టుకుంటే ఇల్లు చెదిరిపోతుంది, ఒకసారి పోయిన ఇల్లు నా చేతుల మీదుగా ఇంకోసారి పోవాలా అనేవాడు. ఆ రోజుల్లో కొత్త బొమ్మ మొదలుపెట్టలేదు. ఎక్కడికీ పోలేదు. పొద్దున లేవగానే బొమ్మ మూల వేలు పెట్టి చూసుకోవడం, ఆ రంగువేలు తుడుచుకుంటూ చాయ్ తాగడానికి రావడం. వేలు చూస్తేనే నాకు తెలిసిపోయేది, అడిగేదాన్ని కాదు.

ఒకరోజు చాయ్‌కి రాలేదు. నిద్రలోనే పోయాడన్నారు. చాప మీద పోయాడన్నది ఆ గదిలో నిలబడ్డాక నాకు అర్థమైంది.

బొమ్మ ఎన్నటికీ ఆరదు. ఆరేదాకా ఆగితే ఆ ముసలామె కూడా ఆగదు. ఫ్రేము నాలుగు మూలలా చెక్కముక్కలు కొట్టించి, రంగుకు తగలకుండా పైన అట్ట బిగించి, నేనే బయలుదేరాను. హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి బస్సెక్కాను. అదేమిటని కండక్టరమ్మాయి అడిగింది. ఇల్లు అన్నాను. నా ముఖం ఎట్లా ఉందో ఏమో, ఇంకేం అడగకుండా డ్రైవర్ వెనకాల చోటు చూపించింది. దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి అక్కడక్కడా కప్పులేని గోడలు కనపడి వెనక్కిపోతుంటే, ఈయన ఉద్యోగమంతా ఇట్లాగే చూశాడు కదా అని ఏడుపొచ్చింది.

కాలనీలో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి, రాజవ్వ ఇల్లు ఎట్లా పోల్చుకోవాలా అనుకున్నాను. కష్టం కాలేదు. పొద్దెక్కినా ఒక్క ఇంటి ముందే నేల పచ్చిగా ఉంది. ఒక ముసలామె వంగి, గిన్నెలోంచి పేడనీళ్లు చేత్తో సిమెంటు గచ్చు మీద సాన్పి చల్లుతోంది. సిమెంటు మీద సాన్పి ఏమిటని పక్కింటావిడ గొణుగుతోంది. ఈమె వినడం లేదు.

"రాజవ్వవు నువ్వేనా? నేను జనగామ నుంచొచ్చిన. కండక్టర్ సారు..."

"ఫోన్ల మాట్లాడే బిడ్డవా?" గొంతు గుర్తుపట్టింది. నా వెనకాల చూసింది. "సారు రాలేదా? ఇంక డ్యూటీనేనా?"

"సారు పోయిండవ్వా."

గిన్నె కింద పెట్టి అట్లాగే గడప మీద కూర్చుంది. చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. "జొరమొచ్చిందా?" అని అడిగింది. నిద్రలో పోయాడని చెప్పాను. "నిద్రల్నా? మంచిగ పోయిండు" అంది, అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అట్ట ఊడదీసి బొమ్మ ఆమె ముందు పెట్టాను. ముట్టుకోవద్దని చెప్పబోయాను. అప్పటికే ఆమె చెయ్యి నీలం తలుపు మీద ఉంది. రంగు కదిలింది, తలుపు మీద నాలుగు వేళ్ల జాడ పడింది. ఆమె ఆ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నా ఆముదమే," అంది.

"అవ్వా, అది ఆరుతలేదు. ఆరని బొమ్మ నీకెట్ల ఇయ్యాలె అని సారు మస్తు రంది పెట్టుకున్నడు. మంచం దానికిచ్చి కింద పన్నడు. నీ ఫోనొస్తె మాట్లాడలేక నా చేతికిచ్చేటోడు."

రాజవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఆరుడేంది? ఆరితె అది ఇల్లేనా? పొద్దుగాల సాన్పి సల్లితె వాకిలి పచ్చి. పొయ్యి అలికితె పొయ్యి పచ్చి. కడప కడిగితె కడప పచ్చి. మన్షులున్న ఇల్లు పచ్చిగనే ఉంటది బిడ్డా. మా ఊర్ల ఒక్కొక్కలు లేసిపోతాంటె ముందుగాల్ల ఎండింది వాకిండ్లే. కప్పులు తర్వాత పోయినయి." బొమ్మ వైపు తిరిగింది. "గిది నాకప్పుడే చెప్పొద్దా? పచ్చిదే పట్టుకరమ్మందును గదా."

ఆ మాట ఆయన వినాలి. ఎట్లాగైనా వినాలి. ఖాళీ ఇళ్లన్నీ తిరిగి, ఎండిన గోడలన్నీ వేసి, ఒకే ఒక్క పచ్చి ఇల్లు వేసి, అదే తన తప్పనుకుని ముఖం చాటేసి పోయాడు. ఫోను ఒక్కసారి ఆయన చెవికి పెట్టి ఉంటే ఈ నాలుగు మాటలు ఆయనకు దక్కేవి. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. నా ఏడుపు తగ్గాక రాజవ్వ మెల్లగా అడిగింది.

"సారు ఇంట్ల ఇప్పుడెవలున్నరు?"

"ఎవ్వల్లేరవ్వా. తాళమేసచ్చిన."

కాసేపు తలుపు మీద తన వేళ్ల జాడలు చూస్తూ కూర్చుంది. తర్వాత గిన్నె నా వైపు జరిపి, నాకొక పని అప్పజెప్తున్నట్టు అంది.

"నువ్వు వొయినంక ఆయన వాకిట్ల ఇన్ని నీళ్లు సల్లు బిడ్డా. ఒక్క పూటన్న పచ్చిగుండని."

ఆయన ఇంటికి వాకిలి లేదు. గడప దాటితే రోడ్డే. ఆమెకు ఆ మాట చెప్పలేక, సరే అవ్వా అన్నాను.